గ్రేసమ్మ గారి నీళ్ళ టిన్నులు

ఈమధ్య మా మేనకోడలి కూతురు హారిక ఒక బబుల్ టీ కంపెనీలో ట్రైనర్‌గా చేరింది. నేను పనిచేసిన కంపెనీ కాదు, దానికి పోటీ కంపెనీ. "తాతయ్యా, ఉద్యోగం ఎలా ఉంటుందో నాలుగు ముక్కలు చెప్పండి" అని ఫోన్ చేసింది. "బాగుంటుందమ్మా, ఊళ్ళు తిరగొచ్చు" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే చిరాకేసింది. ఇన్నేళ్ళు చేసిన పని గురించి చిన్నపిల్ల నోరు తెరిచి అడిగితే ఊళ్ళు తిరగొచ్చని చెప్పి ఊరుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. ఓపిక తక్కువ కనక అవసరమైనవే రాస్తాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు వంటివి ఇందులో ఉండవు.

అసలు పని

బబుల్ టీ అంటే చల్లటి పాల టీ. గ్లాసు అడుగున నల్లటి గుండ్లు ఉంటాయి. లావుపాటి స్ట్రాతో పీలిస్తే టీతో పాటు అవీ నోట్లోకి వస్తాయి. వాటిని నమలాలి. కర్రపెండలం పిండితో చేస్తారు కాబట్టి మన సగ్గుబియ్యానికి దగ్గర చుట్టాలే. కంపెనీలో మాత్రం ముత్యాలు అనేవాళ్ళం. మా అమ్మ బతికుండగా ఒకసారి ఇంటికి తెచ్చి ఇస్తే రెండు నమిలి, "చల్లారిపోయిన సగ్గుబియ్యం పాయసం కోసం ఇన్ని దేశాలు తిరగాలట్రా?" అంది.

మాది తైవాన్ కంపెనీ. నేను ఆహార శాస్త్రం చదివి, బిస్కట్ల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు, దుబాయిలో ఒక పాల డైరీలో కొన్నాళ్ళు పనిచేశాక, అక్కడ కొత్తగా షాపులు తెరుస్తున్న ఈ కంపెనీలో చేరాను. తర్వాత మలేషియా, వియత్నాం, ఫిలిప్పీన్స్, ఆ పైన మన దేశం. కంపెనీ విస్తరణ అంటే బయటివాళ్ళకి గోడ మీద ప్రపంచ పటం, దానికి గుచ్చిన ఎర్ర పిన్నులు కనిపిస్తాయి. నాకు కనిపించింది ఒక గిన్నె, ఒక గడియారం, ఆ గిన్నె ముందు నిలబడి చెమటలు కక్కుతున్న ఒక మనిషి. ముత్యాలు అరగంట ఉడకాలి, అరగంట మూత కింద మగ్గాలి, నాలుగు గంటలు దాటితే పారబోయాలి. ఏ దేశంలోనైనా మొదటి గొడవ ఆ పారబోయడం దగ్గరే వచ్చేది. వండినదాన్ని పారబోయడానికి చెయ్యి వచ్చే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

నా పని కొత్త షాపు తెరిపించడం, వాళ్ళకి పని నేర్పడం, తర్వాత అప్పుడప్పుడూ చెప్పకుండా వెళ్ళి తనిఖీ చేసి మార్కులు వేయడం. నేర్పినవాడే మార్కులు వేయడం మంచిది కాదు. పిల్లవాడికి పాఠం సరిగా రాలేదంటే తప్పు మాస్టారిది కావచ్చన్న అనుమానం, మార్కులు వేసేటప్పుడు మాస్టారికి రాదు. హారికా, ఇది బాగా గుర్తుపెట్టుకో.

లిన్ గారు

నా పై అధికారిణి లిన్ గారు కౌలాలంపూర్ ఆఫీసులో ఉండేవారు. పొట్టిగా, సన్నగా ఉండేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవారు కాదు. ఆవిడ పట్టు ఒక్కటే. కౌలాలంపూర్‌లో తాగినవాడికి దుబాయిలో కళ్ళకు గంతలు కట్టి ఇచ్చినా తేడా తెలియకూడదు. దానికోసం గిన్నె దగ్గర్నుంచి గరిటె వరకు, నీళ్ళు వడకట్టే యంత్రంతో సహా అన్నీ ఒకే చోటి నుంచి వచ్చేవి. బయటి వస్తువు ఒక్కటి షాపులో కనిపించినా మార్కులు కోసేయాలి.

ఆవిడ చెప్పింది చాలావరకు సరైనదే. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు చేస్తే వంద ఊళ్ళలో వంద టీలవుతాయి. కానీ ఆవిడ "ఎందుకు?" అని ఒక్కసారే అడిగేవారు. ఆ ఫోన్‌లోనే సమాధానం కావాలి. తెలీదు, కనుక్కుని చెబుతాను అంటే అటువైపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక నేను ఎప్పుడూ ఒక సమాధానం జేబులో పెట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాను. తెలివైనవాణ్ణని పేరు కూడా వచ్చింది.

తాడేపల్లిగూడెం షాపు తెరిచిన రోజు ఆవిడ స్వయంగా వచ్చారు. కాలేజీ పిల్లలు బారులు తీరారు. కౌంటర్లో అమ్మాయి కంపెనీ మాన్యువల్ ప్రకారం ప్రతి ఒక్కరినీ పంచదార ఎంత వేయమంటారని అడుగుతోంది. ఒక పెద్దాయన, "మీ ఇష్టమండీ" అన్నారు. "కాదండీ, సగమా, పావా, పూర్తిగానా?" "ఎంతైనా పర్లేదండీ, మీకు వీలైనంత వేయండి." వెనకాయన కూడా అదే మాట. ఏమంటున్నారని లిన్ గారు నన్ను అడిగారు. చెప్పాను. "వాళ్ళకి ఏం కావాలో వాళ్ళకి తెలీదా?" అన్నారు. తెలుసండీ, చెప్పడానికి మొహమాటం అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మనవాళ్ళు అడిగి తీసుకోరు, అభ్యంతరం ఉన్నా గట్టిగా చెప్పరు. ఈ సంగతి ఆవిడకి వివరించినవాణ్ణి నేనే.

కైకలూరు

గూడెం తర్వాత కైకలూరు. చేపల చెరువులు, రొయ్యల మేత, ఐసు ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్ళో ఈ టీ ఎవరు తాగుతారని ఆఫీసులో కొందరన్నారు. నేనే పట్టుబట్టాను. మా ఊరు అక్కడికి దగ్గరే. కొల్లేటి గట్టు పల్లె మాది. సొంత ఊరి పక్కన ఒక ఎర్ర పిన్ను గుచ్చాలని నాకు సరదా.

షాపు తీసుకున్నది గ్రేసమ్మ గారు. ఆవిడ చాలా ఏళ్ళు ఒక మిషన్ హాస్టల్లో వంటశాల చూసుకున్నారు. హాస్టల్ మూసేశాక తమ్ముడింట్లో ఒక గదిలో ఉండేవారు. తమ్ముడు చేపల మేత వ్యాపారి, మంచివాడే. అయినా తమ్ముడిల్లు తమ్ముడిల్లే. అక్క పేరున షాపు పెట్టించింది అతనే. షాపు మీద రెండు గదులుంటే ఆవిడ అందులోకి మారారు. మొదటిసారి నన్ను పైకి తీసుకెళ్ళి చూపించారు. కిటికీకి కొత్త కర్టెన్, గోడకి బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు, మూల ఒక గ్యాస్ పొయ్యి. "యాభై రెండేళ్ళకి నా ఇంటి తాళం నా దగ్గరుందండీ" అన్నారు. కంపెనీ అగ్రిమెంటు ప్రకారం షాపు పోతే పై గదులు కూడా ఖాళీ చేయాలి. ఆ షరతు నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

మొదటి రెండు నెలలు ఆ షాపు ముత్యాలు నేను చూసిన అన్ని దేశాల్లోకీ బాగున్నాయి. అబద్ధం కాదు. లోపల పలుకు లేకుండా, బయట జిగట లేకుండా, పంటి కింద మెత్తగా సాగేవి. లిన్ గారికి వీడియో తీసి పంపాను.

మూడో నెలలో చెప్పకుండా వెళ్ళాను. వెనక గదిలో గోనెపట్టా కప్పి ఏదో ఉంది. పట్టా తీస్తే నీళ్ళ టిన్నులు, ఆటోలో ఇంటింటికీ వేసే ఇరవై లీటర్లవి. కంపెనీ యంత్రం పక్కనే ఉంది. దాని కుళాయి కింద పొడిగా ఉంది.

"ఇవేంటండీ?" అన్నాను.

ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుంటూ, "ముత్యాలకి, టీకి ఈ నీళ్ళు పోస్తున్నానండీ. బిల్డింగుకి బోరు నీళ్ళు కదా. ఆ నీళ్ళకి ఉడకవేమోనని" అన్నారు.

"బోరు నీళ్ళయినా యంత్రం వడకడుతుంది కదా. అందుకేగా పెట్టింది."

"వడకడుతుందనుకోండి... ఏమోనండీ."

ఆ "ఏమోనండీ" దగ్గర నేను ఆగాల్సింది. పంచదార సంగతి చెప్పి లిన్ గారిని నవ్వించినవాణ్ణి కదా. గ్రేసమ్మ గారు గట్టిగా చెప్పగలిగినంత గట్టిగా చెప్పింది అదే. నేను ఆగలేదు. బయటి నీళ్ళు వాడటం పెద్ద తప్పని మార్కులు కోశాను. "మాన్యువల్లో ఉన్నట్టు చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. ఆవిడ "అలాగేనండీ" అన్నారు. ఆ సాయంత్రమే టిన్నుల ఆటోని మానిపించారు.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మా పల్లెలో రెండు రకాల నీళ్ళు ఉండేవి. గిన్నెలకి, స్నానాలకి బోరు నీళ్ళు. అన్నానికి, పప్పుకి మైలున్నర దూరం నుంచి బిందెతో తెచ్చిన మంచినీళ్ళు. ఎప్పుడైనా నేను బద్ధకించి బోరు నీళ్ళు తెచ్చి పోస్తే, ఆ రోజు కందిపప్పు మధ్యాహ్నం దాకా ఉడికేది కాదు. అమ్మ గరిటెతో పప్పు తీసి నాకు చూపించి, "నమలరా" అనేది. ఉప్పు నీళ్ళకి పప్పు ఉడకదని కొల్లేటి చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ తెలుసు. నేను ఆ నీళ్ళు మోసి పెరిగాను. పెద్ద చదువు చదివి, నాలుగు దేశాల నీళ్ళు తాగి, ఒక యంత్రం మీద కంపెనీ ముద్ర చూసి అదంతా మర్చిపోయాను. ఆ యంత్రం మురికి తీస్తుంది, వాసన తీస్తుంది. ఉప్పు తీయదు. పట్నాల మంచినీటి సరఫరా కోసం చేసింది అది. ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది. చదవలేదు.

నేను రాసిన వాక్యం

టిన్నులు మానేశాక ముత్యాలు పాడయ్యాయి. బయట మెత్తబడి లోపల సుద్దముక్కలా పలుకు మిగిలేది. ఇంకాసేపు ఉడికిస్తే బయట కరిగిపోయేది కానీ లోపల మారేది కాదు. టీ మీద తెట్టు కట్టేది. గ్రేసమ్మ గారు ఫోన్ చేశారు. "టీ మీద తెట్టు కడుతోందండీ ప్రసాద్ గారూ." "ఎక్కువసేపు మరిగిస్తున్నారేమో చూడండి" అన్నాను. "ముత్యాలు లోపల ఉడకట్లేదండీ." "గడియారం చూసి చేస్తున్నారా?" "చూసే చేస్తున్నానండీ." "అయితే మంట చూడండి." ప్రతిదానికీ నా జేబులో సమాధానం ఉంది.

నాకు అనుమానం ఎందుకు రాలేదో కూడా చెబుతాను, ఎందుకంటే నువ్వూ ఇలాగే మోసపోతావు. ఏ దేశంలోనైనా కొత్త షాపు రెండు నెలలు ముచ్చటగా నడుస్తుంది. తర్వాత ఓనరుకి మోజు తీరుతుంది, పని కుర్రాళ్ళకి వదిలేస్తాడు, మార్కులు పడిపోతాయి. అది వందసార్లు చూశాను. ఇది నూట ఒకటోది అనుకున్నాను. పైగా అదే యంత్రంతో, అవే సంచుల్లోని ముత్యాలతో గూడెంలో అద్భుతంగా వస్తున్నాయి. గూడెంలో వచ్చేది గోదావరి కాలవ నీరని తట్టలేదు. యంత్రం ఒకటే, సరుకు ఒకటే, మాన్యువల్ ఒకటే. ఇక తేడా ఎక్కడుంటుంది, మనిషిలో తప్ప?

మూడుసార్లు తక్కువ మార్కులు వస్తే షాపు రద్దు. మూడోసారి తనిఖీకి వెళ్ళేసరికి ఆవిడ మనిషి చిక్కిపోయి ఉన్నారు. గిన్నె దగ్గర స్టూలు వేసుకుని గడియారం వంకే చూస్తూ కూర్చున్నారు. కౌంటర్లో ఎవరూ లేరు. లిన్ గారు ఫోన్ చేసి ఎందుకిలా అయిందని అడిగారు. ఒక్కసారే అడిగారు. నేను రిపోర్టులో రాసింది ఇది: "యజమానికి శ్రద్ధ తగ్గింది." కింద యజమాని వివరణ కోసం ఖాళీ గడి ఉంటుంది. కాగితం గ్రేసమ్మ గారి ముందు పెట్టాను. ఆవిడ చదివారు. కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టారు.

నెల తిరక్కుండా బోర్డు దించేశారు. ఆవిడ మళ్ళీ తమ్ముడింటికి వెళ్ళారు. నేను ఆ వారమే మళ్ళీ ఫిలిప్పీన్స్ విమానం ఎక్కాను.

పెసలు

ఫిలిప్పీన్స్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో షాపు. అక్కడా అదే బాధ. బయట మెత్తన, లోపల పలుకు. వెళ్ళి గడియారం చూశాను, మంట చూశాను, ఓనరుని మందలించాను. భోజనం వేళ వెనక వరండాలో ఓనరు తల్లి చిన్న పొయ్యి మీద పెసలు ఉడికిస్తోంది. పక్కన కొన్న నీళ్ళ డబ్బా ఉంది. ఇంట్లో కుళాయి ఉండగా కొన్న నీళ్ళు ఎందుకని ఊరికే అడిగాను. ముసలావిడ వచ్చీరాని ఇంగ్లీషులో, మా నీళ్ళకి గింజ ఉడకదు అంది.

నేను ఆ వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. ఓనరు కంగారుపడి ఫ్యాను తెచ్చి పెట్టాడు. ఎండ దెబ్బ అనుకున్నాడు. అమ్మ గరిటె ఒకటి, గోనెపట్టా కింద టిన్నులు ఒకటి, ఆ ఖాళీ గడి ఒకటి, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

నీళ్ళు పరీక్ష చేయించాను. ఉప్పునీటి ఊళ్ళలో వేరే యంత్రం పెట్టాలని, అది వచ్చేవరకు బయటి మంచినీళ్ళు వాడుకోవచ్చని మాన్యువల్లో ఒక పేజీ కొత్తగా చేర్చారు. ఆ పేజీ ఇప్పుడు కంపెనీ ఉన్న ప్రతి భాషలోనూ ఉంది. దానివల్ల ఎన్నో ఊళ్ళలో షాపులు నిలబడ్డాయి. లిన్ గారు నన్ను పిలిచి మెచ్చుకున్నారు. నేను కైకలూరు సంగతి చెప్పాను. "ఆ షాపు మళ్ళీ ఇవ్వగలమా?" అన్నారు. అప్పటికే అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. ఆవిడ తల ఊపి ఇంకో ఫైలు తీశారు. ఆవిణ్ణి తప్పు పట్టను. ఆ ఫైలు కూడా ఎవరిదో ఒకరిది.

గ్రేసమ్మ గారికి అప్పుడే ఫోన్ చేసి చెప్పాల్సింది. నంబరు తీసి, మళ్ళీ పెట్టేసేవాణ్ణి. సెలవు మీద వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. వచ్చాను, వెళ్ళాను. ఈ ఉద్యోగంలో మనిషికి వచ్చే అలసట ప్రయాణాల వల్ల కాదు హారికా. ఇలా పెట్టేసిన ఫోన్ల వల్ల.

మంచినీళ్ళు

రిటైరై ఏలూరు వచ్చిన మూడో నెలలో వెళ్ళాను. బస్సులో కైకలూరు, అక్కడి నుంచి ఆటోలో చేపల చెరువు గట్టు మీదుగా గ్రేసమ్మ గారి తమ్ముడి ఊరు. ఆవిడ వెనక వసారాలో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి లేచారు.

"రండి ప్రసాద్ గారూ. ఇంత ఎండలో వచ్చారేంటండీ? కూర్చోండి, కూర్చోండి." లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. "టిన్ను నీళ్ళేనండీ, తాగండి."

తాగాను. తర్వాత మొత్తం చెప్పాను. పెసలు, యంత్రం, మాన్యువల్లో పేజీ. ఆ పేజీ ప్రింటు తీసి తీసుకెళ్ళాను, పిచ్చివాణ్ణి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివారు. తప్పంతా నాదేనని, శ్రద్ధ లేదని రాసిన మాట అబద్ధమని చెప్పాను. ఆవిడ కాగితం మడతపెట్టి నా చేతికిచ్చారు.

"మంచిదేనండీ. ఇంకెవరి షాపూ పోదు కదా."

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, ఆవిడే మళ్ళీ అన్నారు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు నిజంగా తెలీలేదాండీ?"

"లేదమ్మా. తట్టలేదు."

"మీది మా పక్క ఊరే కదండీ. ఈ నీళ్ళ సంగతి మీకు తెలీకుండా ఎలా ఉంటుంది? తెలిసే రాశారనుకున్నాను. ప్రసాద్ గారికి నా మీద ఏదో కోపం వచ్చింది, ఏం తప్పు చేశానా అని ఇన్నేళ్ళూ ఆలోచించానండీ." కత్తిపీట పక్కకి జరిపారు. "షాపు తెరిచిన రోజు మీరు పొద్దుట్నుంచీ నిలబడి పని చేశారు. పొయ్యిలన్నీ ముత్యాలకే పెట్టేసి, మీకు భోజనం పెట్టకుండా పంపించేశాను. దానికే అనుకున్నానండీ."

ఆ రోజు భోజనం చేశానో లేదో నాకు గుర్తు కూడా లేదు.

"ఉండండి, పప్పు అయిపోవచ్చింది. తినే వెళ్ళాలి" అని ఆవిడ లోపలికి వెళ్ళారు. నేను చెయ్యి కడుక్కుని పీట మీద కూర్చున్నాను.